మంచులో నాన్న అడుగులు

గుల్‌మార్గ్‌లో నాన్న మొదటిసారి మంచు మీద నడిచారు. వెనకాలే వెళ్తూ వరసగా ఫొటోలు తీశా. రూమ్‌కొచ్చి చూస్తే మంచంతా బూడిద రంగు! కెమెరా ఎదురుగా ఏమున్నా సగటు వెలుతురే అనుకుని లెక్కేస్తుంది, అందుకే తెల్లటి మంచునీ మసకబారుస్తుంది. తీసేటప్పుడే ఎక్స్‌పోజర్‌ని ప్లస్ 1 నుంచి 2 వరకూ పెంచుకోవాలి.

నేనేమో ఎడిటింగ్‌లో స్లైడర్‌ని చివరిదాకా లాగేశా. మంచు మల్లెపువ్వులా తయారైంది. కానీ నాన్న అడుగుల గుర్తులు మాయం! మంచు నీడల్లో కనిపించే నీలం ఆకాశం నుంచి వచ్చేదే. అడుగుల లోతు చూపించేదీ అదే. రా ఫార్మాట్‌లో తీశా కాబట్టి బతికిపోయా. మళ్లీ మొదలుపెట్టి, హైలైట్స్ తగ్గించి, కాస్త నీలం ఉంచా. అడుగులు తిరిగొచ్చాయి.

మీరూ ఒరిజినల్ ఫైల్ చెరపకండి. మోకాళ్ల నొప్పులతో నాన్న మళ్లీ అంత దూరం రాలేకపోవచ్చు.