మన యాప్ ఏ ఫోన్ వరకు పనిచేయాలి?



ఈ వారం జీతాల గురించో టికెట్ల గురించో కాదు, మీ చేతిలో ఉన్న ఫోన్ గురించి రాస్తున్నాం. చిన్న విషయమే కదా అనుకోవద్దు. చివరిదాకా చదవండి. చదవడం రానివాళ్లు రూములో ఉంటే వాళ్లకు వినిపించండి.

మన గ్రూపు తరఫున ఇద్దరు తమ్ముళ్లు డ్యూటీ అయ్యాక రాత్రిళ్లు కూర్చుని ఒక యాప్ తయారు చేస్తున్న సంగతి మీకు తెలిసిందే. అకామా, పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే అది ముందుగా గుర్తుచేస్తుంది. ఎంబసీ నంబర్లు, సాయం చేసేవాళ్ల నంబర్లు నెట్ లేకపోయినా తెలుగులో చూపిస్తుంది. పాస్‌పోర్టు, అగ్రిమెంటు ఫోటోలు దాచిపెడుతుంది. ఇది ఓపెన్ సోర్స్ యాప్. అంటే దీన్ని ఎలా రాశారో ఎవరైనా తెరిచి చూడొచ్చు, తప్పుంటే చెప్పొచ్చు, చేతనైతే బాగుచేయొచ్చు. పైసా ఖర్చు లేదు.

పోయిన నెల ఒక శుక్రవారం కొందరి ఫోన్లలో వేసి చూశాం. జగిత్యాల వైపు అన్న ఒకాయన ఫోన్‌లో అది ఎక్కనే లేదు. ఆ ఫోన్ ఆయన కొన్నది కాదు, ఫైనల్ ఎగ్జిట్‌లో ఊరికి వెళ్లిపోయినవాళ్లు ఇచ్చి వెళ్లింది. మాటల్లో ఆయన బతాకా తీసి చూస్తే, అకామాకు ఇంకా ఇరవై రోజులే ఉంది. ఆ సంగతి ఆయనకే తెలియదు. రెన్యువల్ చేయించాల్సింది కఫీలే, నిజమే. కానీ తేదీ మనం గమనించకపోతే అడిగేదెవరు? అంటే యాప్ ఎవరికి అందరికన్నా ఎక్కువ అవసరమో, వాళ్ల ఫోన్‌లోనే అది పనిచేయలేదు.

దీనిమీద మన కమిటీలో గట్టి చర్చే జరిగింది. యాప్ రాసే తమ్ముళ్లు ఆండ్రాయిడ్ 8, ఆపై ఫోన్లకే చేద్దామన్నారు. వాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. ఒక్కో పాత వెర్షన్‌ను కలుపుకున్నకొద్దీ, ప్రతి మార్పునీ ఆ ఫోన్‌లో మళ్లీ పరీక్షించాలి. ఉన్నది ఇద్దరే, అదీ పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చాక. పైగా పాత ఆండ్రాయిడ్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్లయింది. ఐఫోన్ సంగతి ఇంకా కష్టం. దానికి యాప్ తయారు చేయాలంటే ఆపిల్ కంప్యూటరే కావాలి, స్టోరులో పెట్టడానికి ఏడాదికి 99 డాలర్లు కట్టాలి. రెండోవైపు వాళ్లు అన్నది ఒక్కటే: "క్యాంపులో ఎవరి చేతిలో ఏ ఫోన్ ఉందో చూసి మాట్లాడండి."

ఇలాంటి చిక్కు మనకంటే ఎంతో పెద్దవాళ్లకూ వచ్చింది. వాళ్లేం చేశారో చూస్తే మనకు దారి దొరుకుతుంది.

ఫోన్‌లో వెబ్‌సైట్ తెరిస్తే, అది అసలుదేనని రుజువు చేసే సర్టిఫికెట్ ఒకటి వెనక ఉంటుంది. మన అకామా లాంటిదే అనుకోండి. అమెరికాలో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ లాభం చూసుకోకుండా వెబ్‌సైట్లకు వీటిని ఉచితంగా ఇస్తుంది. వాళ్ల సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్ సోర్సే. 2020 నవంబరులో వాళ్లు ఒక సంగతి చెప్పారు. ఆండ్రాయిడ్ 7.1.1 కన్నా పాత ఫోన్లు తమ కొత్త సర్టిఫికెట్‌ను గుర్తించవని, మరుసటి ఏడాది నుంచి ఆ ఫోన్లలో తమ సర్టిఫికెట్ ఉన్న సైట్లు సరిగా తెరుచుకోవని ప్రకటించారు. అప్పటి లెక్క ప్రకారం ఆండ్రాయిడ్ ఫోన్లలో 33.8 శాతం అలాంటివే. మూడింట ఒక వంతు! అలాంటి ఫోన్లవాళ్లు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వాడుకోవాలని కూడా సలహా ఇచ్చారు, ఎందుకంటే అది నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితాను తన దగ్గరే పెట్టుకుంటుంది.

కానీ అక్కడితో చేతులు దులుపుకోలేదు. అదే డిసెంబరులో ఇంకో దారి వెతికారు. ఐడెన్‌ట్రస్ట్ అనే పాత సంస్థ చేత తమ సర్టిఫికెట్ మీద మూడేళ్లకు సంతకం పెట్టించుకున్నారు. ఆ సంస్థ సొంత సర్టిఫికెట్ గడువు 2021లోనే తీరిపోతుంది. అయినా తన దగ్గర ముందే ఉన్న మూల సర్టిఫికెట్ గడువు తీరిందా లేదా అని ఆండ్రాయిడ్ పట్టించుకోదు. ఆ చిన్న సందులోంచే పాత ఫోన్లను దాటించారు. 2023 నాటికి కొత్త సర్టిఫికెట్‌ను గుర్తించే ఆండ్రాయిడ్ ఫోన్లు 66 శాతం నుంచి 93.9 శాతానికి పెరిగాయి. అప్పుడు ముందుగా చెప్పి, 2024లో ఆ ఏర్పాటు ఆపేశారు.

ఆ రోజు పాత ఫోన్లకు ఆసరాగా నిలిచిన ఫైర్‌ఫాక్స్ కూడా 2025 అక్టోబరులో, 144వ వెర్షన్‌తో, ఆండ్రాయిడ్ 8 కన్నా పాత ఫోన్లను వదిలేసింది. అదే ఫైర్‌ఫాక్స్, మైక్రోసాఫ్ట్ 2020లోనే మామూలు సపోర్టు ఆపేసిన విండోస్ 7 కంప్యూటర్లకు మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి భద్రతా మరమ్మతులు ఇస్తూ వచ్చింది.

దీన్నిబట్టి మనకు తెలిసేది ఏమిటి? పాతదాన్ని ఏదో ఒక రోజు ఆపక తప్పదు. ఆపడం పాపం కాదు. ఎంతమంది మిగిలిపోతారో లెక్క చూడకుండా ఆపడం, ముందుగా చెప్పకుండా ఆపడం, వేరే దారి చూపకుండా ఆపడం, ఇవీ తప్పులు.

ఈ లెక్కలో ఒక మోసం ఉంది. యాప్ ఎక్కనివాడు ఫిర్యాదు చేయడు. "నా ఫోన్ మంచిది కాదులే" అనుకుని జేబులో పెట్టుకుని వెళ్లిపోతాడు. ఫోన్ల వివరాలు ఈ గ్రూపులోనే అడిగితే ఇంకా పొరపాటు. 2025లో ఆండ్రాయిడ్ 5 కన్నా పాత ఫోన్లకు వాట్సాప్ ఆగిపోయింది. ఆ ఫోన్లు ఉన్నవాళ్లు ఇప్పుడు ఈ మాటలు చదవడమే లేదు. లేనివాళ్లను లెక్కపెట్టకుండా "అందరికీ పనిచేస్తోంది" అంటే అది మనల్ని మనం మోసం చేసుకోవడమే.

అందుకే ఈ సంపాదకీయం పక్షాన మా మాట ఇది.

ఒకటి: గడువు తేదీలు గుర్తుచేయడం, సాయం నంబర్లు చూపడం ఆండ్రాయిడ్ 6 నుంచే పనిచేయాలి. మనిషిని కాపాడేవి ఆ రెండే.

రెండు: పాస్‌పోర్టు ఫోటోలు దాచే పని మాత్రం ఆండ్రాయిడ్ 8, ఆపై ఫోన్లకే ఉంచాలి. అప్‌డేట్లు లేని ఫోన్‌లో పాస్‌పోర్టు దాచమనడం, గడియ లేని పెట్టెలో బంగారం పెట్టమన్నట్టే. ఇక్కడ తమ్ముళ్ల మాటే సరైనది.

మూడు: ఐఫోన్లకు, ఇంకా పాత ఫోన్లకు అవే నంబర్లతో ఒక మామూలు వెబ్ పేజీ పెట్టాలి. బటన్ల ఫోన్ ఉన్నవాళ్ల తేదీలు మన వాలంటీర్లు పుస్తకంలో రాసుకుని ఫోన్ చేసి చెప్పాలి.

నాలుగు: ఏ వెర్షన్ ఆపినా ఆరు నెలల ముందు ఇక్కడ చెప్పాలి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, కింద "అబౌట్ ఫోన్" నొక్కండి. అక్కడ ఆండ్రాయిడ్ వెర్షన్ అని ఒక నంబరు ఉంటుంది. అది మాకు పంపండి. మీది ఒక్కటే కాదు, పక్క మంచం అన్నది, మెస్సులో వంట చేసే పెద్దాయనది, ఎవరితోనూ కలవని ఆ కొత్త కుర్రాడిదీ చూసి పంపండి. మాకు కావలసింది ముఖ్యంగా ఈ గ్రూపులో లేనివాళ్ల లెక్కే. పాత ఫోన్‌లో ఆగిపోయిన యాప్‌ను మళ్లీ ఎక్కిస్తానని షాపులో ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దు. ఎక్కడినుంచో తెచ్చిన ఫైల్ వేస్తే, మీ ఓటీపీలు, బ్యాంకు వివరాలు పరాయివాళ్ల పాలవుతాయి.

జగిత్యాల అన్న విషయం కూడా చెప్పాలి. ఆ రోజే మన వాలంటీర్ ఒకరు ఆయనతో కలిసి కంపెనీ ఆఫీసుకు వెళ్లి వచ్చారు. రెన్యువల్ పని మొదలైంది. ఆయన్ని పట్టుకున్నది యాప్ కాదు, పక్కనున్న మనిషి. యాప్ అందరికీ అందేదాకా ఆ పని మనమే చేయాలి.