మంచం కింద ఏముంది?

శుక్రవారం వస్తే బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్ చేసుకోవడం, వారానికి సరిపడా సరుకులు తెచ్చుకోవడంతోనే పొద్దుగూకుతుంది. ఇక రూము సర్దుకునే తీరిక ఎక్కడిది? అందుకే మన మంచాల కింద అట్టపెట్టెలు ఏడాదికేడాది పెరుగుతున్నాయి. ఊరికి తీసుకెళ్దామని కొన్న దుప్పట్లు, సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు, పాడైపోయిన ఛార్జర్లు, అరిగిపోయిన బూట్లు... అన్నీ అక్కడే.

"నలుగురు ఉండాల్సిన రూములో ఎనిమిది మందిని పెడితే సర్దేదేముంది?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఖతార్ ప్రభుత్వం 2014లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఒక్కో కార్మికుడికి కనీసం 6 చదరపు మీటర్ల చోటుండాలి, రూముకు నలుగురికి మించకూడదు, మంచం మీద మంచం వేయకూడదు. ఈ లెక్క తప్పితే కంపెనీని అడగాల్సిందే. తాళం వేసుకునే బీరువా మనిషికొకటి కావాలని కూడా అడగండి. అయితే ఆ బీరువాలో ఏం పెట్టుకోవాలన్నది మాత్రం మన చేతిలోని పని.

అక్కడే మనం తలకిందులుగా చేస్తున్నాం. పారేయాల్సినవి దాస్తున్నాం, దాచాల్సినవి పారేస్తున్నాం. అట్టపెట్టెల సందుల్లో నల్లులు కాపురం పెడతాయి. పక్కవాడి మంచానికి మందు కొట్టించినా మన పెట్టెల్లోంచి మళ్ళీ వెళ్తాయి. సెలవుకు రెండేళ్ళ ముందు కొన్న సామాను సగం పాతబడుతుంది. మిగతా సగం విమానంలో కిలోలు ఎక్కువై ఎయిర్‌పోర్టులోనే వదిలేయాల్సి వస్తుంది. జీతం కాగితం, కాంట్రాక్టు కాపీ మాత్రం ఏ చెత్తలో కలిసిపోయాయో తెలియదు.

ఆ కాగితం విలువెంతో లెక్క చూడండి. 2004 నాటి కార్మిక చట్టం ప్రకారం ఏడాది సర్వీసు నిండినవారికి పని మానేటప్పుడు ఏడాదికి కనీసం మూడు వారాల బేసిక్ జీతం ఇవ్వాలి. బేసిక్ 1,000 రియాళ్ళయితే ఏడాదికి సుమారు 700. ఎనిమిదేళ్ళకు 5,600 రియాళ్ళు. ఎప్పుడు చేరాం, బేసిక్ ఎంత అన్న విషయంలో పేచీ వస్తే చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా! కాంట్రాక్టు ముగిశాక కేసు వేయడానికి గడువు కూడా ఒక్క ఏడాదే.

పాస్‌పోర్టు సంగతీ అంతే. 2015 చట్టం ప్రకారం వీసా పనులు పూర్తయ్యాక దాన్ని కార్మికుడికి తిరిగి ఇచ్చేయాలి. దాచిపెట్టమని మనమే రాసిస్తే తప్ప కంపెనీ ఉంచుకోకూడదు. మన చేతికొచ్చిన పాస్‌పోర్టును పరుపు కింద పెట్టుకుంటే ఏం లాభం?

కాబట్టి అన్నలారా, తమ్ముళ్ళారా, ఈ శుక్రవారం ఒక్క గంట కేటాయించండి. రూములో అందరూ కలిసి చేస్తే ఇంకా మంచిది. పగిలినవి, ఏడాదిగా ముట్టనివి బయట పడేయండి. పనికొచ్చే బట్టలు కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకు ఇవ్వండి. ఊరి సామాను టికెట్టు చేతికొచ్చాకే కొనండి. తర్వాత ఒక ప్లాస్టిక్ ఫోల్డరు తీసుకుని కాంట్రాక్టు, జీతం కాగితాలు, పాస్‌పోర్టు, ఐడీ జిరాక్సులు, ఆసుపత్రి చీటీలు, డబ్బు పంపిన రసీదులు, బీమా పత్రం అందులో పెట్టి తాళం వేయండి.

"అన్నీ ఫోన్లో ఉన్నాయిలే" అనుకోకండి. ఫోన్ పోతే అన్నీ పోతాయి. ఫోటోలు తీసి ఇంట్లో ఆడవాళ్ళకు కూడా పంపండి. ప్రవాసీ భారతీయ బీమా కింద ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయలు వస్తాయి. ఆ పాలసీ ఉందన్న సంగతే భార్యకు తెలియకపోతే రేపు అడిగేదెవరు? పాలసీ గడువు ఎప్పటిదాకా ఉందో ఆ గంటలోనే చూసుకోండి.

సెంటు సీసా ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. పోయిన కాగితం కోసం ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో తిరిగినవాళ్ళకే తెలుసు.