తప్పు నేలదేనా?

ఈ సంచికకు ఏదైనా వ్యాసం ఇమ్మని మన యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, "గర్భాశయం లోపలి పొర గురించి రాస్తాను" అన్నాను. ఆయన నా వంక అదోలా చూశాడు. పక్కనున్న ఇద్దరు కిసుక్కున నవ్వారు. "సైన్సు స్టూడెంటువి గదా, అంతరిక్షం గురించి రాయరాదూ?" అన్నాడొకడు. అంతరిక్షం గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. మనమందరం తొమ్మిది నెలలు అద్దె ఇవ్వకుండా కాపురమున్న ఇంటి గురించి రాసేవాళ్లే కరువు. అందుకని ఇదే రాస్తున్నాను.

నేను రైతు బిడ్డను. మా అక్కయ్యకు పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు కలగలేదు. మొన్నొక సంక్రాంతికి వాళ్లంతా మా ఇంటికి వచ్చారు. అక్కయ్య అత్తగారు మా అమ్మతో అన్నమాట నా చెవిన పడింది. "మా వాడి విత్తనానికేం వదినా! నేలే చవుడు." మా అమ్మ మారు మాట్లాడలేదు. అక్కయ్య వంటింట్లో అరిసెలు వత్తుతున్నది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. మళ్లీ వత్తడం మొదలుపెట్టింది.

ఆమెను తిట్టి ప్రయోజనం లేదు. ఈ పోలిక ఆమె పుట్టించింది కాదు. స్త్రీ పొలమనీ, పురుషుడు విత్తనమనీ మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలోనే ఉన్నది. అంటే బిడ్డకు కావలసిందంతా విత్తనంలో ఉంది, పొలం ఊరికే పడి ఉంటుందని అర్థం. ఈ పోలిక చెప్పేవాళ్లకు స్త్రీ సంగతీ తెలియదు, పొలం సంగతీ తెలియదని నా అభిప్రాయం.

ముందు పొలం సంగతి. నాట్లకు ముందు మా చేలో జీలుగ చల్లుతారు. అది పూతకొచ్చే వేళకు కలియదున్ని, నీళ్లు పెట్టి దమ్ము చేస్తారు. ఆ పచ్చిరొట్టను మట్టిలోని కోటానుకోట్ల సూక్ష్మజీవులు కుళ్లబెట్టి పైరుకు ఆహారంగా మారుస్తాయి. నేల ఊరికే పడి ఉండటమేమిటి? రాత్రింబవళ్లు పనిచేస్తుంది!

ఇక గర్భాశయం సంగతి. దాని లోపలి పొరను ఎండోమెట్రియం అంటారు. అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలిన భాగం ప్రొజెస్టిరాన్ అనే హార్మోనును తయారుచేస్తుంది. ఆ కబురు అందగానే ఈ పొర కణాలు పనిలోకి దిగుతాయి. రక్తంలోని గ్లూకోజును లోపలికి లాక్కుని గ్లైకోజన్‌గా పేర్చి దాచుకుంటాయి. మన గాదెలో ధాన్యం ఎటువంటిదో కణంలో గ్లైకోజన్ అటువంటిది. అండం విడుదలైన రెండు మూడు రోజులకే గ్రంథుల కణాల్లో కేంద్రకం కింద ఈ నిల్వలు ఖాళీ బుడగల్లా మైక్రోస్కోపులో కనిపిస్తాయి. 1950లో నోయస్, హెర్టిగ్, రాక్ అనే ముగ్గురు ఇటువంటి గుర్తులను బట్టే ఈ పొర వయసును రోజుల లెక్కన చెప్పవచ్చని చూపించారు.

గ్రంథుల మధ్యనున్న కణాలు ఇంకో అడుగు ముందుకు వేస్తాయి. అంతవరకు కదురులా సన్నగా ఉన్నవి గుండ్రంగా, నిండుగా తయారవుతాయి. ఈ మార్పు చెందిన పొరకు డెసిడ్యువా అని పేరు. ఆకు రాల్చే చెట్లను బోటనీలో డెసిడ్యుయస్ అంటాం గదా, అదే మాట. రాలిపోయేది అని అర్థం.

ఈ మార్పుకు ఖర్చు ఉంది. గ్లూకోజును లోనికి చేరవేసే గ్లట్-1 అనే ప్రోటీను ఈ కణాల్లో పెరుగుతుంది. గ్లూకోజు అందకుండా చేస్తే మార్పు సరిగా జరగదని ఎలుకల మీదా, మనిషి కణాల మీదా చేసిన పరిశోధనల్లో తేలింది. ఇంకో వింత కూడా ఉంది. ఒక గ్లూకోజు అణువును ఆక్సిజనుతో పూర్తిగా మండిస్తే సుమారు 30 ఎ.టి.పి.లు వస్తాయి. దాన్ని సగంలో ఆపి లాక్టేటుగా వదిలేస్తే నికరంగా మిగిలేవి 2 మాత్రమే. ఆక్సిజను అందుబాటులో ఉన్నా ఈ కణాలు చాలా గ్లూకోజును ఆ రెండో దారినే నడిపిస్తాయి. ఇటువంటి పద్ధతిని క్యాన్సర్ కణాల్లో 1920లలో వార్‌బర్గ్ గమనించాడు. ఇదేం దుబారా అని మొదట నాకూ అనిపించింది. కాని ఇల్లు కట్టేవాడు దూలాన్ని పొయ్యిలో పెట్టడు గదా! త్వరత్వరగా పెరిగే కణాలకు శక్తి ఒక్కటే చాలదు, కట్టుబడికి సరుకు కావాలి. గ్లూకోజులో కొంత పక్కదారిన పోయి, కొత్త కణాల డి.ఎన్.ఎ.కు కావలసిన చక్కెరగా మారుతుంది. ఆ పక్కదారిని మూసేసినా పొర తయారు కాదు.

ఎ.టి.పి. పేరెత్తినప్పుడు మన తెలుగువాడొకరిని తలచుకోక తప్పదు. 1929లో దాన్ని జర్మనీలో లోమన్ కనుక్కుంటే, అమెరికాలో హార్వర్డులో విడిగా కనుక్కున్నవారు ఫిస్కే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడూ ఆయనే. ఈనాడు మన ఊళ్లలో గర్భిణులకు పంచే ఐరన్ మాత్రలో ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే.

సరే, ఇంత నిల్వ ఎందుకు? వచ్చే అతిథి కోసం. పిండం వచ్చి పొరలో కుదురుకున్నాక, తల్లి రక్తం మావిలోకి పూర్తిగా ప్రవహించటానికి సుమారు పది పన్నెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆ గ్రంథుల స్రావమే పిండానికి ముఖ్యమైన ఆహారం. మనం తిన్న మొట్టమొదటి ముద్ద అదేనన్నమాట!

ఎలుకలో పిండం వచ్చి తాకిన తర్వాతే డెసిడ్యువా తయారవుతుంది. మనిషిలో అలా కాదు. అతిథి వస్తాడో రాడో తెలియకుండానే ప్రతి నెలా ఈ ఏర్పాటంతా మొదలవుతుంది. రాకపోతే పొర రాలిపోతుంది. మళ్లీ నెల మళ్లీ మొదలు. మా అక్కయ్య ఒంట్లో నాలుగేళ్లుగా నెలనెలా జరిగింది ఈ పనే కావచ్చు. దాన్ని మనం చవుడు అన్నాం. రాలిపోయినదాన్ని మైల అని పేరు పెట్టి, మూడు రోజులు వాకిట్లో కూర్చోబెట్టాం. అతిథి కోసం వండిపెట్టిన అన్నాన్ని, అతిథి రాలేదని మైల అంటామా?

ఇంకొక మాట. ఆ గ్లూకోజు ఎక్కడిది? ఆమె రక్తంలోది. రక్తానికి ఎక్కడిది? ఆమె కంచంలోది. మన ఇళ్లలో ఆఖరున తినేదెవరు? అడుగున మిగిలిన మెతుకులు, చల్లారిన పులుసు ఎవరికి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అన్నం ఎక్కువ పెడితే గర్భం వస్తుందని నేననడం లేదు. చక్కెర మితిమీరినా నష్టమే. అదుపులో లేని మధుమేహంతో గర్భస్రావాల ప్రమాదం పెరుగుతుంది. యూరియా ఎక్కువైన పైరు ఏపుగా పెరిగి పడిపోవటం మనం చూడలేదూ! నేననేది ఒకటే. పనిచేసే ఒంటికి తిండి హక్కు, దయాధర్మం కాదు.

ఇదంతా నాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. ఇంటర్‌లో ఆ పాఠం వచ్చినప్పుడు మా లెక్చరరు గారు "ఇది మీరు ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేశారు. అమ్మాయిలు తలలు వంచుకున్నారు, మేము నవ్వాం. ఆ నవ్వుకు నేనివాళ సిగ్గుపడుతున్నాను. ఆ పేజీలు తిప్పేసిన చోటే "చవుడు", "గొడ్రాలు" అనే మాటలు బతుకుతున్నాయి.

ఆ సంక్రాంతి వెళ్లిన రెండు రోజులకు మా నాన్నను అడిగాను. "నాన్నా, చేలో మొలక రాకపోతే ముందేం చూస్తావు?"

"విత్తనం చూస్తారా," అన్నాడు. "వంద గింజలు తడి గోనె గుడ్డలో చుట్టి ఎన్ని మొలిచాయో లెక్కబెడతాం. ఆ తర్వాత నీళ్లు, ఆ తర్వాత నేల."

"మరి అక్కయ్య విషయంలో?"

మా నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆ వారంలోనే వియ్యాలవారి ఊరు వెళ్లాడు. ఏం మాట్లాడాడో నాకు తెలియదు. బావ, అక్కయ్య కలిసి డాక్టరు దగ్గరకు వెళ్లారు. బావ పరీక్షకు ఒక్క పూట పట్టింది. ఆ ఒక్క పూట నాలుగేళ్లుగా ఎవరికీ దొరకలేదు! సంతానం లేని జంటల్లో సుమారు సగం చోట్ల పురుషుడి వైపు కారణం కూడా ఉంటుందని వైద్యశాస్త్రం చెబుతున్నా, పరీక్షలూ మొక్కుబడులూ అన్నీ ఆడదానికే. ఆ కాగితంలో ఏమున్నదో ఇక్కడ రాయను. అది వాళ్లిద్దరి విషయం. తప్పును ఒకరి నెత్తి మీంచి తీసి మరొకరి నెత్తిన పెట్టడానికి నేనీ వ్యాసం రాయలేదు.

మిత్రులారా! రేపు మనలో చాలామంది టీచర్లవుతారు, అందరమూ కాకపోయినా చాలామందిమి అత్తమామలమవుతాం. టీచర్లయినవాళ్లు ఆ పేజీలు తిప్పేయకండి. మిగతావాళ్లు ఇంట్లో ఆ మాట వినబడినప్పుడు, మా అమ్మలాగా, ఆనాటి నాలాగా ఊరుకోకండి. పొలాన్ని నమ్ముకుని బతికే జాతి మనది. నేలను నిందించేవాడు రైతు కాడు.