మిగతా సగం

కిందటివారం ఈ శీర్షికలో శుభలేఖల భాష గురించి వ్రాశాను. ఆ శుభలేఖ పుణ్యమా అని కాకినాడలో మా పెదనాన్నగారి మనమరాలి పెళ్ళికి వెళ్ళివచ్చాను. పెళ్ళి దివ్యంగా జరిగింది. అయితే ఆ మూడు రోజులూ పెళ్ళికూతురి కంటే నన్నే ఎక్కువమంది చూశారేమోనని నా అనుమానం. కారణం మరేమీ లేదు. రెండేళ్ళ క్రితం ఈ చుట్టాలందరూ నన్ను చూసినప్పుడు నా బరువు 91 కిలోలు. ఇప్పుడు 84. ఏడు కిలోలు తగ్గితే మన చుట్టాల కంటికి ఏడు మణుగులు తగ్గినట్టు కనిపిస్తుంది.

"ఎట్లా తగ్గావే అమ్మాయ్? ఆ కిటుకేదో మాకూ చెప్పు!" అని మా పిన్ని చెయ్యి పట్టుకుని అడిగింది.

"రాత్రిపూట అన్నం మానేశావా? రాగిజావా? కొర్రలా?" అని పక్కనున్న వదిన అందుకున్నది.

"వేళకి తింటున్నాను పిన్నీ" అన్నాను.

పిన్నికి కోపం వచ్చింది. "చెప్పటం ఇష్టం లేకపోతే లేదను. తింటే తగ్గుతారుటే ఎక్కడన్నా!"

నేను చెప్పింది నిజమే. కాని సగమే చెప్పాను. మిగతా సగం పెళ్ళిపందిట్లో చెప్పుకునేది కాదు. అసలు ఎక్కడా చెప్పుకోకూడదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు ఇక్కడ ఎందుకు చెపుతున్నానో చివర మనవి చేస్తాను.

పగటిపూట నన్ను చూసినవాళ్ళెవరూ నేను ఎక్కువ తింటానని అనుకోరు. కాలేజీ స్టాఫ్ రూములో ఎవరి పుట్టినరోజుకైనా మిఠాయి పంచితే "నాకు వద్దండీ" అనేదాన్ని. ప్రొద్దున వట్టి కాఫీ. మధ్యాహ్నం డబ్బాలో రెండు పుల్కాలు. రాత్రి అందరికీ వడ్డించి, "నాకు ఆకలిగా లేదు" అని గ్లాసుడు మజ్జిగ తాగి లేచేదాన్ని. ఎంత నిగ్రహమమ్మా అని అత్తయ్యగారు పదిమందిలో చెప్పేవారు కూడాను.

రాత్రి పదకొండు దాటి ఇల్లు సద్దుమణిగాక వంటింట్లోకి పోయేదాన్ని. దీపం వెయ్యను. ఫ్రిజ్ తలుపు తీస్తే వచ్చే వెలుతురు చాలు. గిన్నెలో మిగిలిన అన్నం, అందులో ఆవకాయ, ఆపైన పిల్లలకని తెచ్చిన బిస్కట్లు రెండు పొట్లాలు, ఆపైన సంక్రాంతికి చేసిన అరిసెలు. ఎన్ని తిన్నానో లెక్క వుండేది కాదు. నిలబడే తినేదాన్ని. నమలకుండా మింగేదాన్ని. తీపో కారమో కూడా తెలిసేది కాదు. చాలు, ఆపు అని నాకు నేను చెప్పుకుంటూనే వుండేదాన్ని. చెయ్యి మటుకు ఇంకెవరిదో అయినట్టు డబ్బాలోకి పోతూనే వుండేది. పొట్టలో నొప్పి పుట్టినప్పుడు గాని ఆగేది కాదు. అప్పుడు వచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, రేపు పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టనని ఒట్టు పెట్టుకునేదాన్ని.

మర్నాడు కాలేజీ నుంచి వస్తూ అవే బిస్కట్లు కొని, అదే అరలో అట్లాగే పెట్టేదాన్ని. అరిసెలు కొని పెట్టలేను గదా! "అప్పుడే డబ్బా అడుక్కి వచ్చిందేమిటి అమ్మాయ్? ఎలకలు గావును" అనేవారు అత్తయ్యగారు. ఒకసారి ఎలకల బోను కూడా తెప్పించి డబ్బా పక్కన పెట్టించారు. అందులో మసాలావడ ముక్క గుచ్చింది నేనే.

తెలుగు పాఠం చెప్పుకు బ్రతికేదాన్ని గనుక ఈ జబ్బుకి మన భాషలో మాట కోసం వెతికాను. తిండిపోతు అన్నామంటే అది మనిషి స్వభావానికి పెట్టిన పేరు. ఆబ అన్నా, యావ అన్నా ఆశని చెప్పే మాటలే. భీముణ్ణి వృకోదరుడు అన్నారు గాని, ఆయన తిన్నది ఆయనకి బలమైంది. 1957లో వచ్చిన మాయాబజారులో రంగారావుగారి ఘటోత్కచుడు పెళ్ళివంట అంతా ఆరగిస్తాడు. చూసేవాళ్ళందరికీ నవ్వు వస్తుంది. ఎందుచేతనంటే ఆ తినటంలో ఎంత ఆనందమున్నదో! నా తిండిలో ఆనందమనేది లేదు. అందుకని దానికి నేనే "పూనకం" అని పేరు పెట్టుకున్నాను.

దాని అసలు పేరు తెలియటానికి చాలాకాలం పట్టింది. మొదట చూపించుకున్న డాక్టరుగారు నన్ను బరువు తూచి, ఏం తినాలో ఏం తినకూడదో అచ్చువేసిన కాగితం ఒకటి ఇచ్చి, "నోరు కట్టుకోవాలమ్మా" అన్నారు. అది నేను పదిహేనేళ్ళుగా చేస్తున్న పనే! ఆ కాగితం ప్రకారం పన్నెండు రోజులు నడిచాను. పదమూడో రోజు రాత్రి వచ్చిన పూనకం అంతకుముందెన్నడూ రాలేదు.

చివరికి మా కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే ఆవిడ బలవంతం మీద విశాఖపట్నంలో ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళాను. "తిండికి మనసు డాక్టరేమిటి?" అన్నారు మావారు. అన్నారే గాని సెలవు పెట్టి వెంట వచ్చారు. డాక్టరమ్మ నన్ను తూచలేదు. "ఎప్పుడు తింటారు? ఎవరూ లేనప్పుడేనా? తిన్న తరువాత మీమీద మీకు అసహ్యం వేస్తుందా?" అని అడిగింది. ఇంతకాలానికి ఎవరో నా వంటింట్లోకి తొంగిచూసినట్టయింది. అక్కడే ఏడ్చాను.

దీన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారట. ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికన్ వైద్యుడు ఇటువంటి తిండి గురించి 1959లోనే వ్రాశాడు. అయినా అమెరికా మానసిక వైద్యుల జాబితాలో ఇది విడి జబ్బుగా చేరటానికి 2013 దాకా పట్టింది. కొద్ది సమయంలో మామూలు మనిషి తినగలిగే దానికన్నా బాగా ఎక్కువ తినటం, తింటున్నప్పుడు తన చేతిలో తాను లేకపోవటం, కనీసం వారానికి ఒక్కసారి, మూడు నెలలపాటు ఇట్లా జరగటం దీని లక్షణాలు. పండుగనాడు నాలుగు బూరెలు ఎక్కువ తింటే జబ్బు కాదు సుమండీ! లావుగా వున్నవాళ్ళందరికీ ఇది వుండదు. ఇది వున్నవాళ్ళందరూ లావుగా వుండరు. ఆడవాళ్ళకే వస్తుందనుకోవటమూ పొరపాటే.

"నాకు నిగ్రహం లేదండీ" అన్నాను. దానికి డాక్టరమ్మ ఒక కథ చెప్పింది. 1944లో, యుద్ధకాలంలో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక పరీక్ష చేశాడు. పస్తులతో చిక్కిపోయినవాళ్ళని మళ్ళీ మనుషుల్ని చెయ్యటం ఎట్లాగో కనిపెట్టటం ఆయన ఉద్దేశం. ఆ యువకులు ఆయుధం పట్టమన్నవాళ్ళు, తమంతట తాము వచ్చినవాళ్ళు. నిగ్రహానికి లోటు లేదు. 24 వారాలు వాళ్ళకి సుమారు సగం తిండి పెట్టారు. ఒంటి బరువులో నాలుగోవంతు దాకా పోయింది. అది సరే, వాళ్ళ బుర్రలో తిండి తప్ప మరొకటి నిలవలేదట. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారట. తిరిగి తిండి పెట్టటం మొదలైనాక కొందరు పొట్ట పట్టనంత తిని కూడా ఇంకా ఆకలి అనేవారట.

"వాళ్ళకి నిగ్రహం లేకనా?" అన్నది డాక్టరమ్మ. "పగలంతా మీరు పస్తుంటారు. రాత్రికి ఒళ్ళు బాకీ వసూలు చేస్తుంది. అందుకు శిక్షగా మర్నాడు మళ్ళీ పస్తు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. రాత్రి తిండి దగ్గర తెంపలేం. పగటి పస్తు దగ్గర తెంపుదాం."

అందరి విషయంలోనూ పస్తే కారణం కాదని, దిగులూ ఒంటరితనమూ కూడా దీన్ని పెంచుతాయని ఆవిడే చెప్పింది. నా విషయంలో రెండూ వున్నాయి.

చికిత్స వినటానికి బహు తేలిక. మూడు పూటల భోజనం, మధ్యలో రెండుసార్లు ఏదైనా కాస్త. మూడు నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా వుంచకూడదు. ఆకలి వున్నా లేకపోయినా వేళ వేళే. రాత్రి పూనకం వచ్చినా సరే, మర్నాడు ప్రొద్దున ఇడ్లీ మానటానికి వీల్లేదు. తిన్న ప్రతిదీ అప్పటికప్పుడు ఒక పుస్తకంలో వ్రాయాలి. ఏం తిన్నాను, ఎక్కడ, అప్పుడు మనసులో ఏమున్నది. తూకం వారానికి ఒక్కసారే.

ఆ పుస్తకం నాకు చాలా నేర్పింది. వ్యాసాల కట్టలు దిద్దే రాత్రులు, మావారితో మాటా మాటా అనుకున్న రాత్రులు, మా అమ్మ పోయిన తిథి దగ్గరపడే రోజులు, వీటన్నిటి పక్కనా ఎర్రసిరా గుర్తులు పడ్డాయి. అవి రాబోతున్నాయని తెలిస్తే కొంత జాగ్రత్తపడవచ్చు. ఎవరికైనా ఫోను చెయ్యవచ్చు. మేడమీద నాలుగుసార్లు తిరగవచ్చు. పూనకం అల వంటిది. ఎదురు నిలిచి పోట్లాడకపోతే కాసేపటికి విరుగుతుంది.

అన్నిటికంటే కష్టమైనది కాజా పాఠం. నేను నిషేధించుకున్న వస్తువుల పేర్లు వ్రాయించి, ఒక్కొక్కటే పట్టపగలు, పళ్ళెంలో పెట్టుకుని, నలుగురితో కూర్చుని తినమన్నది. పిల్లల మధ్య కూర్చుని ఒక తాపేశ్వరం కాజా తినటానికి నా చెయ్యి వణికింది. రెండోది తీసుకోలేదు. తీసుకోకూడదని కాదు, అక్కర లేకపోయింది. ఆ సంగతి నాకే వింతగా తోచింది.

ఇక బరువు. నాలుగు నెలలు గడిచేసరికి రాత్రి పూనకాలు నెలకి ఒకటికి వచ్చాయి. బరువు చూస్తే 91న్నర! "ఇదేమిటండీ?" అని వాపోయాను. "ఈ చికిత్స తిండికి గాని బరువుకి కాదు. చాలామందికి పూనకం పోతుంది, బరువు అంతగా తగ్గదు. ముందు తగ్గాలని బయలుదేరితే మళ్ళీ పస్తులే" అన్నది డాక్టరమ్మ. ఆ మాట మింగటం కాజా మింగటంకంటే కష్టమైంది. ఆ తరువాతనే, కడుపు కుదుటపడ్డాక, ప్రొద్దున్నే గోదావరిగట్టు మీద నడక మొదలుపెట్టాను. పళ్ళెంలో అన్నం కాస్త తగ్గించి కూర, పప్పు పెంచాను. ఏ పూటా మానలేదు. నెలకి అరకిలో చొప్పున పోయింది. ఒక నెల పోదు కూడా. 84 దగ్గర ఆగింది. ఇంకా తగ్గుతానో లేదో. అది ఇప్పుడు నా మొదటి ప్రశ్న కాదు.

కాదని పెళ్ళికి ముందు అనుకున్నాను. పెళ్ళిలో నలుగురూ మెచ్చుకునేటప్పటికి తల తిరిగింది. ఇంకో నాలుగు కిలోలు తగ్గితే ఎంత బాగుండునో! ఇంటికి వచ్చిన రాత్రి భోజనం మానేశాను. రెండోరోజూ మానేశాను. మూడోరోజు రాత్రి పదకొండున్నరకి చీకటి వంటింట్లో, పెళ్ళివారు ఇచ్చిన కాజాల పెట్టె మూత మీద నా చెయ్యి వున్నది. ఎట్లా వచ్చానో తెలియదు.

"అమ్మా! ఏం చేస్తున్నావు?"

గుమ్మంలో మా అమ్మాయి. ఇంటర్మీడియట్ చదువుతున్నది. ఎలక అలికిడి అయిందని చెప్పటం నాకు అలవాటైన అబద్ధం. నోటిదాకా వచ్చింది కూడా. కాని దాని మొహం చూశాను. మంచినీళ్ళకి వచ్చిన మొహం కాదది.

"నువ్వెందుకు వచ్చావే?" అన్నాను.

అది తల వంచుకుని అన్నది: "పెళ్ళిలో అందరూ నిన్ను మెచ్చుకుంటుంటే నేనూ రాత్రి అన్నం మానేద్దామనుకున్నానమ్మా. మూడు రోజులైంది. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనపడటం లేదు. కాజాలే కనపడుతున్నాయి."

దీపం వేశాను. రెండు పళ్ళేలు పెట్టాను. పెరుగన్నం కలిపి, దానికీ నాకూ వడ్డించి, కింద కూర్చుని, మొదటినుంచి చివరిదాకా అంతా చెప్పాను. ఫ్రిజ్ వెలుతురు, బిస్కట్ల పొట్లాలు, విశాఖపట్నం, ఎర్రసిరా పుస్తకం. అది తినటం కూడా మరచి విన్నది.

"అయితే అమ్మా, ఆ ఎలకవి నువ్వేనా?" అన్నది.

ఇద్దరమూ నవ్వాం. తరువాత కాస్త ఏడ్చాం కూడా. మర్నాడు ప్రొద్దున ఇద్దరమూ ఇడ్లీ తిన్నాం. ఆ మూడు రోజుల సంగతీ నా పుస్తకంలో వ్రాసి, డాక్టరమ్మకి ఫోను చేశాను. అత్తయ్యగారికి కూడా చెప్పేశాను. ఆవిడ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం బోను తీసి అటకమీద పెట్టించారు.

పందిట్లో సగం నిజం చెపితే మిగతా సగం మా అమ్మాయి తనకి తోచినట్టు పూర్తిచేసుకున్నది. అందుకే ఇదంతా వ్రాశాను. మీ ఇంట్లో డబ్బాలు అకారణంగా ఖాళీ అవుతుంటే బోను పెట్టకండి. పగలు ఎవరు సరిగా తినటం లేదో చూడండి. తిట్టకండి, తూచకండి. మనసు డాక్టరు దగ్గరికి వెంట వెళ్ళండి.

మా పిన్ని ఈ పత్రిక అట్టనుంచి అట్టదాకా చదువుతుంది. పిన్నీ, నువ్వడిగిన కిటుకు ఇదే. నిజంగానే వేళకి తింటున్నాను.