రెక్క కింద మెకానిక్

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ కథ కోస్తాలో ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. రెండు రోజుల ముందు హిందూ మహాసముద్రంలో జపాన్ నౌకల జాడ పట్టి కబురు పంపిన విమానం సంగతి మాత్రం పెద్దగా ఎవరికీ పట్టలేదు.

సింహళంలోని కొగ్గల నుంచి లేచిన క్యాటలినా అనే సముద్ర విమానం అది. కెనడా 413 స్క్వాడ్రన్‌కు చెందినది. తొమ్మిది మంది సిబ్బంది. వైర్‌లెస్‌లో సందేశం పంపుతుండగానే జపాన్ జీరో యుద్ధవిమానాలు దాన్ని కూల్చేశాయి. ముగ్గురు చనిపోయారు, ఆరుగురు బందీలయ్యారు. నాయకుడు లియొనార్డ్ బర్చల్‌కు ‘సింహళ రక్షకుడు’ అన్న పేరొచ్చింది. ఏప్రిల్ 9న అదే స్క్వాడ్రన్ నుంచి గాలింపుకు వెళ్లిన ఇంకో క్యాటలినా సిబ్బందితో సహా తిరిగి రానేలేదు.

రక్షకుడన్న పేరు బర్చల్‌కు తగినదే. కానీ గంటల తరబడి నీళ్ల మీద తిరిగే ఆ విమానాన్ని గాలిలో నిలిపింది మెకానిక్కులు. క్యాటలినాలో ఫ్లైట్ ఇంజనీరు చోటు పైలట్ పక్కన కాదు. పడవలాంటి ఒడలికీ పైనున్న రెక్కకూ మధ్య ఒక ఇరుకు గూడు, అందులో ఆయన. ఇంజన్ల వేడి, నూనె ఒత్తిడి, మిగిలిన ఇంధనం ఆయన లెక్కే. బ్రిటిష్ దళాల్లో ఈ పనికి వచ్చినవాళ్లు చాలామంది నేల మీద ఫిట్టర్లుగా పనిచేసిన కుర్రాళ్లు. విమానం పడితే ఆ గూటినుంచి బయటపడడం ఎంత కష్టమో వేరే చెప్పాలా?

యుద్ధం లేని రోజుల్లోనూ బంగాళాఖాతం మనవాళ్లను మింగింది. 2016 జూలై 22 ఉదయం తంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తున్న వైమానిక దళ ఏఎన్-32 రవాణా విమానం రాడార్ నుంచి మాయమైంది. అందులో ఉన్న 29 మందిలో ఎనిమిది మంది విశాఖ నౌకాదళ ఆయుధాగారపు సివిలియన్ ఉద్యోగులు. నౌక తుపాకీ మరమ్మతు కోసం బయల్దేరినవాళ్లు. నౌకలు, విమానాలు వారాల తరబడి వెతికాయి. సెప్టెంబరులో, అందరూ చనిపోయినట్టే భావిస్తున్నామని కుటుంబాలకు ఉత్తరాలు వెళ్లాయి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి మానవరహిత జలాంతర వాహనం తీసిన ఫొటోల్లో శకలాలు కనిపించాయని ప్రభుత్వం ప్రకటించేసరికి 2024 జనవరి. తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ల దూరం, 3,400 మీటర్ల లోతు.

మర్రిపాడు, ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెల వారికి ఇది దూరపు ముచ్చటేం కాదు. తంబరంలోనే వైమానిక దళ మెకానిక్కుల శిక్షణ సంస్థ ఉంది. ఇక్కడ లెక్కలు, ఫిజిక్సుతో ఇంటర్ ముగించిన పిల్లవాడు విమానం మీద చెయ్యి వెయ్యాలంటే నేడున్న దారి అగ్నివీర్ వాయు. నాలుగేళ్ల కొలువు. 48 లక్షల బీమా ఉంది. మామూలు సైనికుడి ఇంటికి అందే కుటుంబ పింఛను లేదు. జాడ తెలియని మనిషి చనిపోయినట్టు భావించడానికి చట్టం పెట్టే గడువేమో ఏడేళ్లు. 2016లో వైమానిక దళం అంతకాలం ఆగకపోవడం మంచి పని. అది అధికారుల మంచితనానికి వదిలేసే విషయం కాదు, నిబంధనగా రాసిపెట్టాలి. సముద్రం మీద ఎగిరే ప్రతి రవాణా విమానానికీ నీటి అడుగున సంకేతమిచ్చే పరికరం బిగించడం కూడా అలాంటిదే. పౌర విమానాల్లో అది దశాబ్దాలుగా ఉన్నదే.