ఇంటి కంప్యూటరునకు ఏ కంచె?

అనంతపురపు పీఠభూమికి వాన రాకడ యెన్నడును నిశ్చయము కాదు. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమును నమ్ముకొని వేరుసెనగ పండించుకొను ఈ సీమకు మేఘమెప్పుడు వచ్చునో తెలియదు గాని, ఇంటర్నెట్టు తీగ మాత్రము వచ్చినది. 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి శ్రీ రామనాథ కోవిందుగారు ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబరునెట్ పథకము మొదట నెలకు 149 రూపాయలకే ఇంటింటికి ఇంటర్నెట్టు నందింతుమని ముందుకు వచ్చెను. ప్రైవేటు సంస్థలును పోటీపడి తీగలు లాగినవి. నేడు ఉరవకొండ రైతు తన అడంగలు నకలును, కల్యాణదుర్గపు వర్తకుడు తన చిట్టా ఆవర్జాలను, ధర్మవరపు పట్టుచీరల వ్యాపారి తన అంచుల నమూనాలను ఇంటి కంప్యూటరునందే దాచుకొనుచున్నారు. నిన్నటి ఇనుపపెట్టె చేసిన పనిని నేడీ యంత్రము చేయుచున్నది. కావున “దీనికి ఏ ఫైరువాలు కొనవలెను?” అను ప్రశ్న పుట్టుట సహజమే. అయితే ఈ ప్రశ్నలో “ఏది” అను మాటకంటె “కొనవలెను” అను మాటయందే చిక్కు కలదని మా యభిప్రాయము.

ఫైరువాలనగా అగ్నిని అడ్డగించు గోడయని పదార్థము. ఒక యింటి మంట పొరుగింటికి ప్రాకకుండ కట్టు గోడనుండి ఈ పేరు వచ్చినది. కాని అది చేయు పనిని చూచినచో గోడకంటె కోటవాకిటి కావలివానితో పోల్చుటయే యుక్తము. కంప్యూటరునకు అంకెలు వేసిన ద్వారములు అరువదియైదు వేలకు పైగా నున్నవి. లోనివారు పిలిచినందున వచ్చినవానిని కావలివాడు లోనికి విడుచును. పిలువక వచ్చి తలుపు తట్టినవానిని వెలుపలనే నిలుపును. మీరొక వార్తాపత్రికను తెరువగోరినప్పుడు దాని పుటలు లోనికి వచ్చుటకును, ఎక్కడనో యున్న అపరిచితుడు మీ కడతములను చూడబోయినప్పుడు అడ్డుపడుటకును ఈ నియమమే కారణము.

ఈ కావలి లేనిచోట నేమి జరుగునో 2017 మే 12వ తేదీన లోకమెల్ల చూచినది. వన్నాక్రై అను దోపిడి ప్రోగ్రాము నాడు దేశదేశముల కంప్యూటర్లలో చొరబడి, అందలి కడతములకు తాళము వేసి, తాళపుచెవికి 300 డాలర్ల వెల యడిగెను. ఇంగ్లండు ఆసుపత్రులు స్తంభించినవి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు సైతము కొన్ని దాని వాతబడినవి. ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు అది ప్రాకుటకు ఎవరును ఏ ఉత్తరమును విప్పనక్కరలేదు. కడతములను పంచుకొనుటకై యుంచిన 445వ సంఖ్య ద్వారమునందలి లోపమే దానికి త్రోవ. ఆ లోపమునకు మరమ్మతును మైక్రోసాఫ్టు సంస్థ మార్చి 14ననే, అనగా రెండు నెలలకు ముందే, విడుదల చేసియుండెను. మరమ్మతు చేసికొన్నవారును, ఆ ద్వారమును వెలుపలివారికి మూసియుంచినవారును ఆ త్రోవను వచ్చు ముప్పునుండి తప్పించుకొనిరి. ఈ రెండింటిలో దేనికిని ఒక్క రూపాయి వ్యయము లేదు.

ఇక ఎంపిక విషయము. గృహస్థుని ముందు మూడు విధములైన కావళ్లు కలవు. మొదటిది యంత్రముతో వచ్చునది. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్.పి. యందు ఫైరువాలున్నను దానిని నిద్రపుచ్చి యంత్రమును అమ్మిరి. 2003 ఆగస్టున బ్లాస్టరు అను పురుగు లోకమును కలచివేసిన పిమ్మట, 2004లో వచ్చిన సవరణతో దానిని మొదటినుండియు మేలుకొనియుండునట్లు చేసిరి. నాటినుండి విండోసు కంప్యూటరు కొన్న ప్రతివాడును ఒక కావలివానిని కూడ కొన్నట్లే. ఆపిల్ వారి మాక్ యందును, ఉబుంటు మొదలైన లినక్సు పద్ధతులయందును ఇట్టిది కలదు. కాని వానిలో దానిని మనమే మేలుకొలుపవలసియుండుట సామాన్యము. రెండవది తీగ చివరనుండు రౌటరు పెట్టె. ఇంటిలోని యంత్రములన్నిటికి వెలుపల ఒకే చిరునామా చూపుటవలన అదియు పిలువని అతిథిని చాలవరకు వాకిటనే ఆపును. మూడవది అంగడిలో వేరుగా కొను ఫైరువాలు.

ఈ మూడవదాని పక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. యంత్రముతో వచ్చిన కావలివాడు లోనికి వచ్చువారిని ప్రశ్నించును గాని, వెలుపలికి పోవువారిని సామాన్యముగా ప్రశ్నింపడు. కొన్నది అట్లుకాక, ఏ ప్రోగ్రాము ఎవరికి వర్తమానము పంపుచున్నదో చెప్పి అనుమతి నడుగగలదు. పదిమంది గుమాస్తాలున్న కచ్చేరికిని, ఈ విద్యను నేర్వ నోపికగల వానికిని అది యుపయోగకరమే. కాని సామాన్య గృహమున జరుగునదేమి? మొదటినాడు ఇరువది ప్రశ్నలు, రెండవనాడు పది. అర్థముకాని పేర్లను చూచి విసిగిన గృహస్థుడు మూడవనాటినుండి చదువకయే ప్రతిదానికి “సరే” యని నొక్కును. అడిగినవారికెల్ల సరేయను యజమానికి ఎంతటి కావలియున్నను ఫలమేమి? పైగా, ఒకే యంత్రమున రెండు ఫైరువాళ్లను మేల్కొల్పిన యెడల అవి యొకదాని త్రోవకు మరియొకటి అడ్డుతగులుటయు కలదు.

మరియొక ప్రమాదము కూడ కలదు. కంచెయే చేను మేసినదన్న సామెత మన రైతులకు క్రొత్తది కాదు. కంప్యూటరు రక్షణకని కోట్లకొలది జనులు నమ్మి పెట్టుకొన్న అవాస్ట్ సంస్థ, వారు చూచిన పుటల వివరములను జంప్‌షాట్ అను తన యుపసంస్థ ద్వారా అమ్ముకొన్నది. రహస్యము బయటపడి 2020లో ఆ యుపసంస్థను మూసివేసిరి. 2024లో అమెరికా వాణిజ్య సంఘము ఆ సంస్థను ఒక కోటి అరువదియైదు లక్షల డాలర్లు చెల్లింపుమనెను. ఇంటిలోని ప్రతి రాకపోకను చూడగల స్థానమున నిలుపుటకు ముందు, ఆ కావలివాడు ఎవరి కూలి తినుచున్నాడో అడుగవలదా? ఉచితమని యిచ్చువాడు దేనిని అమ్మి బ్రదుకుచున్నాడో విచారింపవలదా?

“అట్లయినచో స్వదేశీ వస్తువును కొందము” అనువారు కలరు. పూనా నగరపు క్విక్ హీల్, చెన్నపట్టణపు కె7 సంస్థలు ఈ రంగమున చిరకాలముగా పనిచేయుచుండుట మనకు గర్వకారణమే. అవసరము నిజముగా ఉన్నవాడు వానిని పరిశీలించుట న్యాయము. కాని అక్కరలేని వస్తువు స్వదేశీయమైనంతమాత్రమున అక్కరకు వచ్చునది కాదు. స్వదేశీ వ్రతమునకు మూలము స్వావలంబనమే గాని భయపడి కొనుట కాదు.

అసలు గోడలనే నమ్ముకొన్నవారికి గుత్తి దుర్గము చాలినంత పాఠము చెప్పుచున్నది. మురారిరావు ఏలిన ఆ కొండకోటను హైదరాలీ ముట్టడించి 1776లో వశపరచుకొన్నాడు. కోటగోడ కూలుటచేత కాదు, లోన నీరు తరుగుటచేత ఆ దుర్గము లొంగిపోయినది. నీటి విలువ నెరిగిన ఈ సీమవారికి దీని యర్థము విప్పి చెప్పనక్కరలేదు. కంప్యూటరునకు ఎప్పటికప్పుడు వచ్చు మరమ్మతులే ఆ లోని నీరు. విండోస్ 10 నకు సామాన్య పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. దానినే పట్టుకొని, పొడిగింపు మరమ్మతులనైనను పొందక, దానిమీద వేయి రూపాయల ఫైరువాలును కప్పుట, ఎండిన బావికి గిలక మార్చుట వంటిదే.

కోటకు మరియొక చేటు కలదు. అది లోనివారే తలుపు తీయుట. నేడు మన జిల్లాలలో ధనము పోగొట్టుకొనువారు పెక్కురు ఫైరువాలు లేక పోగొట్టుకొనుట లేదు. బ్యాంకు అధికారినని ఫోనున పలుకువాడు దూరమునుండి యంత్రమును నడుపు ప్రోగ్రామును పెట్టుకొమ్మనును, వీరు పెట్టుకొందురు. పంటబీమా సొమ్ము వచ్చినదని యొక లంకె వచ్చును, వీరు నొక్కుదురు. యజమాని చేయిపట్టి తీసికొనివచ్చిన వానిని ఏ కావలివాడును ఆపలేడు. ఇట్టి మోసమున సొమ్ము పోయినవెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెనని ఇంటిలోని వృద్ధులకును పిల్లలకును నేర్పుట, ఒక ఫైరువాలు కొనుటకంటె మేలైన రక్షణ.

కావున మేము గృహస్థులకు చేయు సూచన సులభమైనది. యంత్రముతో వచ్చిన ఫైరువాలు మేలుకొనియున్నదో లేదో నేడే చూచుకొనుడు. ఏదేని ప్రోగ్రాము లోనికి త్రోవ విడువుమని యడిగినచో, దాని పేరును పనిని ఎరుగనంతవరకు ఒప్పుకొనకుడు. బెంగుళూరున చదువుకొను కుమారుడు తన కంప్యూటరును వసతిగృహపు తీగకు తగిలించినప్పుడు దానిని బహిరంగస్థలముగానే యెంచి, “పబ్లిక్” అను ఏర్పాటునే యుంచుకొనవలెనని చెప్పుడు. అక్కడ మన యింటి రౌటరు వానిని కాపాడదు. రౌటరుతో వచ్చిన రహస్యపదమును తక్షణము మార్చుడు. 2017 జూలైలో బి.ఎస్.ఎన్.ఎల్. వినియోగదారుల మోడెములు వేలకొలది చెడిపోవుటకు, అందరికి తెలిసిన మొదటి రహస్యపదమును మార్చకుండుటయే ముఖ్యకారణము. ముఖ్యమైన దస్తావేజుల నకలును తీగకు తగులని వేరొక పెట్టెయందు దాచుడు. ఇంతయు చేసిన పిమ్మటను కొరతయున్నదని తోచినచో, అప్పుడు అంగడికి పొండు.

భయము అమ్ముడుపోవు సరకు. తన యింటి తలుపులెన్నియో, ఏ తలుపు ఎవరికొరకు తెరచియున్నదో ఎరుగనివానికి ఆ సరకును ఎంత వెలకైనను అమ్మవచ్చును. ఎరిగినవానికి అమ్ముట కష్టము. దేశమునకు స్వరాజ్యమనగా తన వాకిటి తాళపుచెవి తన చేతనుండుట యని మన పెద్దలు నేర్పిరి. ఆ పాఠము ఇంటి కంప్యూటరునకును వర్తించును. తాళపుచెవిని అంగడివానికి అప్పగించి నిద్రపోవుట రక్షణ కాదు.