కొండ దిగిన గంపకు వెలెంత?

"మాది కొండల పక్క ఊరండీ" అని చెప్పగానే వైజాగులోనో హైదరాబాదులోనో ఉన్న చుట్టాలు ముందుగా అనే మాట ఒక్కటే. "అబ్బ, అదృష్టవంతులు! ఎంత చల్లగా ఉంటుందో!" నాకు నవ్వొస్తుంది. మే నెలలో మా యలమంచిలి వచ్చి ఒక్క మధ్యాహ్నం గడిపితే ఆ అదృష్టం ఏపాటిదో వాళ్లకే తెలుస్తుంది. చల్లదనం కొండ మీద ఉంటుందండీ. కింద ఉండే మనకి మిగిలేది ఉక్కపోతే!

నా పుట్టిల్లు యలమంచిలి. మద్రాసు నుంచి హౌరా వెళ్లే రైలుమార్గం మీద, పదహారో నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న చిన్న ఊరు. తూర్పుకి వెళ్తే సముద్రం, పడమరకి చూస్తే నీలం గీత గీసినట్టు కొండలు. పడమట ఉన్న కొండల్ని తూర్పు కనుమలంటారెందుకని చిన్నప్పుడు మా మాస్టారిని అడిగి చీవాట్లు తిన్నాను. మెట్టినిల్లు నర్సీపట్నం. అక్కడికొచ్చేసరికి ఆ నీలం గీత పచ్చటి గోడలా దగ్గరకి వచ్చేస్తుంది. దాటితే ఏజెన్సీయే. నర్సీపట్నం రోడ్ అని రైలు స్టేషన్ ఒకటుంది కానీ, అది తునికీ యలమంచిలికీ మధ్యనెక్కడో ఉంది. ఊళ్లోకి రైలు రాదు. కొత్తకోడలిగా నేను కాపురానికి వచ్చింది బస్సులోనే.

కొండ పక్కన బతకడమంటే ఏమిటో నాకు నేర్పింది మా అత్తగారు. లంబసింగి వైపు మబ్బు నల్లబడితే చాలు, "పిల్లా, బట్టలు తియ్యి" అని కేకేసేవారు. మా పెరట్లో చినుకు పడకపోయినా వరాహ నదిలో నీళ్లు ఎర్రబడ్డాయంటే పైన వాన కురిసిందన్నమాట. ఆ నది ఇటువైపు కొండల్లోనే పుట్టి, ఏటికొప్పాక పక్కనుంచి సముద్రానికి వెళ్తుంది. కొండకి జ్వరమొస్తే ఏరుకి చెమట పడుతుందని ఆవిడ మాట.

ఇక వంటింట్లోకి వెళ్దాం. ఒక్కసారి మీ ఇంట్లోనూ చూసుకోండి. చారులోకి చింతపండు, కూరలో పసుపు, తలకి కుంకుళ్లు, శీకాయ, ఇల్లు ఊడ్చే కొండచీపురు, పండక్కి అడ్డాకుల విస్తరి, పసిపిల్లకి నాకించే తేనె. వీటిలో సగానికి సగం కొండ దిగి వచ్చినవే. షోకేసులో ఏటికొప్పాక బొమ్మ ఉందా? 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ లక్కబొమ్మకి ప్రాణం అంకుడు కర్ర. అదీ అడవిదే. మన ఇంట్లో కొండ ఇంతగా ఉంది. కానీ కొండమీది మనిషి ఎక్కడుంది?

చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, నా సంగతే చెబుతాను. సుమారు పదిహేనేళ్ల కిందటి మాట.

మా అత్తగారు నేర్పిన గృహిణీ విద్యల్లో ఒకటి, "సంతకి పొద్దున్న వెళ్లి చూడాలి, సాయంత్రం వెళ్లి కొనాలి." నేనూ బుద్ధిగా అలాగే చేసేదాన్ని. ఆ రోజు పొద్దున్న పది గంటలకి ఒకావిడ కొండచీపుళ్లు పెట్టుకుని కూర్చుంది. ఒడిలో పసిపిల్ల. జత నలభై అంది. నేను పాతిక అన్నాను. "గిట్టదమ్మా" అంది. నేను తిరిగి కూడా చూడకుండా వచ్చేశాను. సాయంత్రం నాలుగున్నరకి మళ్లీ వెళ్లాను. అదే చోట అలాగే కూర్చుని ఉంది. ఎండ ఆవిడ మీదికి వచ్చేసింది. "పది జతలు తీసుకుంటా, పాతికకిస్తావా?" అన్నాను. ఈసారి గిట్టదనలేదు. "దీపాలేళకి జీపెల్లిపోద్దమ్మా, ఇచ్చెయ్" అంది. పైగా మోపు మా ఇంటిదాకా మోసుకొచ్చింది.

గుమ్మంలో దించి మంచినీళ్లడిగింది. నేను చెంబుతో తెచ్చి పైనుంచి వంచాను. ఆవిడ దోసిలి పట్టి తాగింది. పసిపిల్ల పెదవులు తడిపింది. డబ్బులు కొంగున ముడేసుకుని పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి వెనకనే నిలబడి చూస్తోంది. "అమ్మా, ఆవిడకి గ్లాసెందుకివ్వలేదు?" అని అడిగింది.

నా దగ్గర సమాధానం లేదు. వంటింట్లో ఆ పూట పన్నెండు గ్లాసులు బోర్లించి ఉన్నాయి.

బేరమాడటం తప్పని నేననను. మనం నెలజీతాల మీద, గుప్పెడు వ్యవసాయం మీద ఇళ్లు నడిపేవాళ్లం. రూపాయికి రూపాయిన్నర పని చేయించడం మన విద్య. ఊళ్లో కూరగాయలమ్మే అక్కతో నేను రోజూ గొడవపడతాను. ఆవిడా నాతో పడుతుంది. "నీకు ఇవ్వనుపో" అని మొహమ్మీదే అంటుంది. ఎందుకంటే రేపూ అక్కడే ఉంటుంది, నేను కాకపోతే ఇంకొకరు కొంటారు. అది సమానుల బేరం. కొండమీది ఆవిడకి ఆ మాట అనే వీలుందా? ఆఖరి జీపు వెళ్లిపోతే రాత్రి ఎక్కడుండాలి? మిగిలిన మోపు మళ్లీ కొండెక్కించాలంటే దానికీ ఛార్జీ ఇవ్వాలి. ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలుంటారు. లేచి వెళ్లిపోయే వీలున్నవాళ్లకీ, లేనివాళ్లకీ మధ్య జరిగేది బేరం కాదు. అప్పుడు మనం తగ్గించేది చీపురు ధరని కాదండీ, ఆవిడ భయాన్ని సొమ్ము చేసుకుంటున్నాం.

ఆ చీపురు వెనక పని ఎంతో చూడండి. శీతకాలం చివర్లో వాలు మీదికెక్కి గడ్డి కొయ్యాలి, ఎండబెట్టాలి, దులపాలి, కట్టలు కట్టాలి, తలమీద మోసుకుని జీపు ఆగే దాకా నడవాలి. చింతపండైతే కాయ రాలగొట్టి, పెంకు తీసి, గింజ తీసి, ఈనె లాగాలి. పసుపు సంగతి మరీ ఘోరం. ఏజెన్సీలో చాలాచోట్ల దుంప ఊరడానికి రెండేళ్లు భూమిలో ఉంచుతారు. తర్వాత ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి. ఈ పనుల్లో పెద్ద వాటా ఆడవాళ్లదే. అటువంటి సరుకుకి మనం సాయంత్రం నాలుగున్నర దాకా ఆగి ధర కడుతున్నాం.

ఇది ఇవాళ మొదలైంది కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండమీది వాళ్లకి పోడు కొట్టుకోవడమే నేరమైపోయింది. ఆ తర్వాత గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కాలంలో ఘాట్ రోడ్డు పనికి వాళ్లని తోలి, చాలీచాలని కూలితో రాళ్లు కొట్టించారు. ఆ కడుపుమంటే అల్లూరి సీతారామరాజు వెనక నడిచింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. 1924 మేలో ఆయన్ని కాల్చి చంపారు. కృష్ణదేవిపేటలో సమాధి ఉంది. మనం పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తాం, దండం పెట్టిస్తాం. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పాడేరు కేంద్రంగా ఆయన పేరుతో ఒక జిల్లా కూడా వచ్చింది. సంతోషమే. కానీ తక్కువ కూలికి పని చేయించారని తిరగబడిన మనుషుల మనవరాళ్ల దగ్గర తక్కువ ధరకి చీపుళ్లు లాక్కుని, ఆయన విగ్రహానికి దండ వేస్తే ఆయన సంతోషిస్తాడా?

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. దళారుల చేతిలో గిరిజనులు మోసపోకూడదనే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టారు. అటవీ ఫలసాయం నిర్ణయించిన ధరకి కొంటుంది. భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో ఒకటో నంబరు నిబంధన తెచ్చారు. అందరూ 1/70 చట్టమనే అంటారు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఇవన్నీ కావలసినవే. అయితే సంతలో ఓ గంప ముందు మనం కూర్చున్నప్పుడు మన పక్కన ఏ చట్టమూ వచ్చి కూర్చోదు. అక్కడ ఉండేది ఆవిడా, మనమూ!

పేపర్లో కొండ ఎప్పుడు కనిపిస్తుందో గమనించారా? శీతకాలంలో లంబసింగి చలి గురించి, మిగతా రోజుల్లో గంజాయి కేసుల గురించి. అప్పుడప్పుడూ డోలీ మోత గురించి. రోడ్డు లేని ఊరి నుంచి నిండు చూలాలిని కర్రకి కట్టిన బట్టలో పడుకోబెట్టి నలుగురు మోసుకొచ్చే ఫోటో. 2018లో ఏజెన్సీకి బైకు అంబులెన్సులు వచ్చాయి. కొన్ని ఊళ్లకి రోడ్లు కూడా పడ్డాయి. అయినా ఆ ఫోటో ఇంకా ఆగలేదు. అలా దిగివచ్చిన తల్లి కళ్లు తెరిచి చూసే మొదటి పట్నం మన చిన్న ఊరే. మనం వైజాగు పెద్దాసుపత్రికి వెళ్తే ఎటు పోవాలో తెలియక బిక్కచచ్చిపోతాం కదా? ఆవిడకి మన ఊరే వైజాగు! కాన్పు వార్డు బయట కూర్చున్న వాళ్ల అమ్మకి ఓపీ చీటీ ఎక్కడ రాస్తారో చూపించడానికి మనకి డబ్బు ఖర్చు కాదు. ఓ ఫ్లాస్కు వేడినీళ్లు ఇస్తే మన గ్యాసు అయిపోదు.

ఇంకో మాట. మనల్ని కూడా ఎవరో కొండ మీది వాళ్లని చూసినట్టే చూస్తున్నారు. మా యలమంచిలి చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు తెల్లారకుండా క్యారేజీ కట్టుకుని బస్సెక్కి అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలకి వెళ్తారు. వాళ్లు కుట్టిన లోదుస్తులు ఏ దేశంలోనో ఎవరో కొంటారు. అక్కడా ఎవరో "ఇంకొంచెం తగ్గించు" అనే ఉంటారు. ఆ తగ్గింపు వచ్చి పడేది మన పిల్ల జీతం మీదే. అనకాపల్లి మార్కెట్లో బెల్లం ధర పడిపోతే మన రైతు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో మనకి తెలుసు. పైవాళ్లు మన సరుకుకి ధర కట్టేటప్పుడు ఎంత నొప్పో తెలిసిన వాళ్లమే, మనకంటే చిన్నగంప కనపడేసరికి అది మరిచిపోతున్నాం.

అందుకే సోదరీమణులారా, నేను నా ఇంట్లో పెట్టుకున్న నాలుగు నియమాలు చెబుతాను. నచ్చితే మీరూ పాటించండి.

సంతకి పొద్దున్నే వెళ్లి పొద్దున్నే కొంటాను. అడగాలనిపిస్తే ఒక్కసారి అడుగుతాను. కుదరదంటే ఆ ధరే ఇస్తాను. సాయంత్రం దాకా కాచుక్కూర్చోను.

మానికతో, కుంచంతో కాకుండా తూకం వేయించి కొంటాను. అదే సరుకు దుకాణంలో ప్యాకెట్ మీద ఎంత ఉందో గుర్తుపెట్టుకుంటాను. ఆ ధర చూశాక కొండమీది గంప దగ్గర గీసిగీసి బేరమాడటానికి నోరు రాదు.

మా వీధి డ్వాక్రా సంఘంలో ఒక మాట అనుకున్నాం. ఏడాదికి సరిపడా చింతపండు, పసుపు పదిమందీ కలిపి ఒకేసారి, కొండమీది సంఘం వాళ్ల దగ్గరే తీసుకుంటున్నాం. వాళ్లకి గంప మిగులుతుందనే భయం లేదు, మనకి కల్తీ అనే భయం లేదు.

చలికాలం చుట్టాలొస్తే లంబసింగి తీసుకెళ్లడం తప్పదు. నర్సీపట్నం నుంచి సుమారు ముప్పై కిలోమీటర్లే కదా! వెళ్లేటప్పుడు ఖాళీ సంచి ఒకటి పట్టుకెళ్తాను. మేం తాగిన నీళ్ల సీసాలు, తిన్న ప్లేట్లు మాతోపాటే కొండ దిగుతాయి. నెత్తిమీద మోపుతో వెళ్లే ఆడమనిషిని అడక్కుండా ఫోటో తియ్యొద్దని చుట్టాలకి ముందే చెబుతాను. మన ఇంటి గుమ్మంలోకి ఎవరో వచ్చి మనల్ని అలా తీస్తే ఊరుకుంటామా?

ఇవేవీ గొప్ప సంస్కరణలు కావు. వీటివల్ల కొండమీద రోడ్లు పడవు, ఆసుపత్రులు రావు. దానికి అడగవలసిన వాళ్లని అడగాలి, ఓటుకొచ్చినప్పుడు నిలదీయాలి. కానీ పక్కింటావిడతో మనం ఎలా ఉండాలో చెప్పడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు కదా! కొండ మనకి పక్కిల్లే.

మా అమ్మాయి ఇప్పుడు ఉద్యోగంలో ఉంది, వేరే ఊళ్లో కాపురం. క్రితం సంక్రాంతికి వచ్చినప్పుడు గుమ్మంలోకి అడ్డాకుల మోపుతో ఒక ముసలమ్మ వచ్చింది. నేను లోపల పిండి రుబ్బుతున్నాను. బయటికి వచ్చేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతోంది. మా ఇంట్లో అందరం తాగే స్టీలు గ్లాసుతోనే. మా అమ్మాయి నావైపు చూడలేదు, ఏమీ అనలేదు. ఆ నాలుగో తరగతి ప్రశ్న దానికి గుర్తుందో లేదో నేనూ అడగలేదు.

మీ ఊరి సంతలో మీరేం చేస్తున్నారు? మీ అత్తగారు, మీ అమ్మ మీకు నేర్పిన బేరాల్లో ఏవి దాచుకోవాలి, ఏవి వదిలేయాలి? తీరిక చేసుకుని ఓ ఉత్తరం ముక్క రాయండి.